కడుపుతో ఉన్నప్పుడు కైరోప్రాక్టర్ బల్ల ఎక్కే ముందు

"నడుం పట్టేసింది" అనే ఒక్క మాటలో నాలుగైదు రకాల నొప్పులు దాక్కుంటాయి. కడుపుతో ఉన్నప్పుడు మరీను. వీపు కింది భాగమంతా అడ్డంగా లాగేస్తూ సాయంత్రానికి ముదిరేది ఒకటి. నడుం అడుగున రెండు పక్కలా చిన్న సొట్టలు కనిపిస్తాయే, సరిగ్గా అక్కడ వేలు పెట్టి చూపించగలిగేది ఇంకొకటి. అది వెన్ను అడుగు ఎముక కటితో, అంటే తుంటి ఎముకల గూటితో, కలిసే కీలుది. పొత్తికడుపు అడుగున ముందు ఎముక దగ్గర, మంచం మీద పక్కకి తిరిగినా మెట్టెక్కినా పొడిచేది మూడోది. తుమ్మగానే గజ్జల్లో చురుక్కుమని క్షణాల్లో పోయేది గర్భసంచిని పట్టి ఉంచే బంధనం సాగడం వల్ల వచ్చేది. దానికి ఏ చికిత్సా అక్కర్లేదు, తుమ్ము వచ్చే ముందు కాస్త ముందుకి వంగితే చాలు.

ఎక్కడ నొప్పో తేల్చకుండా "వెన్ను సర్దేస్తాను" అనే కైరోప్రాక్టర్ (వెన్ను, కీళ్లను చేతులతో సర్ది నొప్పి తగ్గించాలని చూసేవాళ్లు) దగ్గర ఆగకండి. పొట్ట ముందుకి వచ్చేకొద్దీ నడుం ఒంపు పెరుగుతుంది, వీపు కండరాలు రోజంతా వెనక్కి లాగి పట్టుకోవాలి. మరోపక్క రిలాక్సిన్ లాంటి హార్మోన్లు మొదటి నెలల నుంచే కీళ్ల బంధనాలను మెత్తబరుస్తాయి. కీలు వదులు, దాని చుట్టూ కండరం బిగువు. వదులైన కీలుని గట్టిగా విరిస్తే ఒరిగేదేముంది? అందుకే పని తెలిసినవాళ్లు ఈ నెలల్లో బలం తగ్గిస్తారు. బిగుసుకున్న పిరుదు కండరాలను చేత్తో ఒత్తి వదులు చేయడం, కీలుని నెమ్మదిగా కదపడం, ఇవే ఎక్కువ.

"టప్" మని చప్పుడు వస్తేనే పని జరిగిందనుకోకండి. ఎముక తన చోటికి వచ్చిన చప్పుడు కాదది, కీలులోని ద్రవంలో ఏర్పడే గ్యాస్ బుడగది. చప్పుడు లేకపోయినా నొప్పి తగ్గొచ్చు, వచ్చినా తగ్గకపోవచ్చు. నడుం నొప్పికి ఈ చికిత్సతో కొందరికి ఉపశమనం దొరుకుతుంది గానీ, వ్యాయామం, ఫిజియోథెరపీ కంటే ఇదే మేలని తేల్చిన గట్టి ఆధారం లేదు. మెడను గిరుక్కున తిప్పే పద్ధతి మాత్రం వద్దనే చెప్పండి. అరుదుగానైనా మెదడుకి వెళ్లే రక్తనాళం చీలిన సందర్భాలున్నాయి.

మొదటిరోజు చేతుల కంటే ప్రశ్నలు ముందు రావాలి. ఎన్నో వారం, రక్తస్రావం ఏమైనా కనిపించిందా, స్కానింగ్‌లో మాయ ఎక్కడుందన్నారు, బీపీ ఎంత. ఆ తర్వాత పరీక్ష: వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఒక కాలుని 20 సెంటీమీటర్లు ఎత్తమంటారు. కాలు రాయిలా బరువెక్కి, కటిని రెండు పక్కల నుంచీ చేతులతో అదిమి పట్టగానే తేలిగ్గా లేస్తే, అది కటి కీళ్ల పట్టు తగ్గిన గుర్తు. అలాంటివాళ్లకి సర్దుబాటు కంటే బెల్టూ, కండరాలకు బలమిచ్చే వ్యాయామాలూ ముఖ్యం. ఎక్స్‌రే తీద్దామంటే లేచి వచ్చేయండి.

బల్ల చూడండి. పొట్ట భాగం కిందికి దిగేదైనా ఉండాలి, పొట్టకి గుంట ఉన్న మెత్తలైనా వేయాలి. ఇక్కడో పొరపాటు జరుగుతుంటుంది: గుంట మరీ లోతై పొట్ట ఆధారం లేకుండా వేలాడితే నడుం ఇంకా కిందికి లాగి, దిగాక నొప్పి పెరుగుతుంది. పొట్ట మెత్తకి తేలిగ్గా ఆనాలి. 20 వారాలు దాటాక వెల్లకిలా ఎక్కువసేపు ఉంచకూడదు. గర్భసంచి బరువు పెద్ద సిరను నొక్కి కళ్లు తిరుగుతాయి, వికారం వస్తుంది. కుడి పిరుదు కింద దిండు పెట్టి ఎడమకి వాల్చడమో, పూర్తిగా పక్కకి పడుకోబెట్టి చేయడమో మంచిది.

మర్నాడు కాస్త ఒళ్లు నొప్పులుంటాయి, ఒకటి రెండు రోజుల్లో పోవాలి. మూడు నాలుగు సార్లు వెళ్లినా నడకలో, నిద్రలో తేడా తెలియకపోతే మానేయండి. కాన్పు దాకా ప్యాకేజీ ముందే కట్టమంటే అస్సలు కట్టొద్దు.

వెబ్‌స్టర్ టెక్నిక్ అని కైరోప్రాక్టర్లు కటి కీళ్లను సర్దే పద్ధతి ఒకటుంది, దాంతో ఎదురుకాళ్ల బిడ్డ తిరుగుతుందని చెబుతుంటారు. నిరూపణ లేదు. చాలామంది బిడ్డలు 36 వారాల లోపు తమంతట తామే తిరుగుతారు, పేరు మాత్రం బల్లకి దక్కుతుంది. తిరగకపోతే ఆసుపత్రిలో స్కానింగ్ పెట్టుకుని పొట్ట మీద నుంచి తిప్పే పద్ధతి గురించి డాక్టర్‌ని అడగండి.

ఇవి ఉంటే కైరోప్రాక్టర్ కాదు, నేరుగా ఆసుపత్రే: రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, 37 వారాల లోపు అలలు అలలుగా వచ్చిపోయే నడుం నొప్పి, జ్వరంతో పాటు మూత్రంలో మంట, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, తీవ్రమైన తలనొప్పితో కళ్ల ముందు మెరుపులు, తొడల మధ్య తిమ్మిరెక్కి మూత్రం ఆపుకోలేకపోవడం. మాయ గర్భసంచి ముఖద్వారాన్ని కప్పి ఉందని చెప్పినవాళ్లు డాక్టర్ సరేననకుండా బల్ల ఎక్కకూడదు.

బల్ల మీద దొరికిన సుఖం ఇంట్లో మంచం దిగేటప్పుడే పోతుంది. లేవాలంటే ముందు రెండు మోకాళ్లూ ముడిచి దగ్గరికి చేర్చండి. భుజం, నడుం, మోకాళ్లు ఒక్క దుంగలా కలిసి పక్కకి తిరగాలి. కాళ్లు మంచం అంచు నుంచి కిందికి జారుతుండగా మోచేత్తో, రెండో అరచేత్తో పైకి తోసుకోండి. పక్కకి తిరిగి పడుకునేటప్పుడు దిండు మోకాళ్ల మధ్యే పెట్టి ఊరుకుంటారు. చీలమండ కిందికి వాలి తుంటి మెలిపడేది అందుకే, దిండు మోకాలి నుంచి పాదం దాకా రావాలి. బెల్టుని నడుముకి కట్టి ఫలితం లేదనేవాళ్లే ఎక్కువ. అది పొట్ట కింద, తుంటి ఎముకల మట్టాన బిగియాలి, నడిచేటప్పుడే పెట్టుకుని కూర్చున్నాక తీసేయాలి. ప్యాంటు మాత్రం కుర్చీలో కూర్చుని వేసుకోండి, ఒంటికాలి మీద నిలబడి కాదు.