బీచ్ రోడ్డు మీద దాగుడుమూతలు

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆటో ఎక్కి కురుసుర అననక్కర్లేదు, సబ్‌మెరైన్ అంటే చాలు. అక్కడ దిగితే రోడ్డుకు సముద్రం వైపు ఇసుకలో ఒక జలాంతర్గామి, ఎదురుగా రోడ్డుకు ఇవతల టీయూ-142 విమానం కనిపిస్తాయి. మొదటిది దాక్కోవడానికి కట్టింది, రెండోది అలా దాక్కున్నవాటిని వెతకడానికి కట్టింది. రెండూ సోవియట్ సరుకే. ఎం.ఏ.లో సముద్ర భద్రత చదువుతున్నవాళ్లకు ఈ రోడ్డు దాటడమే సగం సిలబస్. డిసెంబరులో రెండు రోజులు విశాఖలో తిరిగి చూసినవి రాస్తున్నాను. సోమవారం ఈ మ్యూజియంలు మూసి ఉంటాయి, ఆ రోజు పెట్టుకోవద్దు. నేవీ గోడలు, డాక్‌యార్డు గేట్ల వైపు ఫోను ఎత్తకండి, డ్రోను మాటే వద్దు.

ఐఎన్‌ఎస్ కురుసుర 1969 డిసెంబరు 18న అప్పటి సోవియట్ రేవు రీగాలో మన నౌకాదళంలో చేరింది. 2001 ఫిబ్రవరి 27న విరమించాక ఒడ్డుకు లాగి, 2002 ఆగస్టులో జనానికి తెరిచారు. పొడవు 91.3 మీటర్లు, లోపల 75 మంది. ముందు 6, వెనక 4 టార్పెడో గొట్టాలు, మొత్తం 22 టార్పెడోలు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి దూరాలి. ముందు ఒక కాలు పెట్టి, తర్వాత నడుము, చివర తల. తల ముందు పెట్టినవాళ్లకు నుదురు బొప్పి కడుతుంది. చూపించేవాళ్లు నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లు. వెనక వరస తోసేస్తుంటుంది కాబట్టి అడగాలనుకున్నది ముందే అనుకుని వెళ్లాలి.

జనమంతా పెరిస్కోపు దగ్గర ఫొటోలు దిగుతారు. నన్నడిగితే చూడాల్సింది కాళ్ల కింద ఉంది. ఈ తరహా జలాంతర్గామి నీళ్లలో బ్యాటరీల మీద నడుస్తుంది. సీసం, ఆమ్లం ఉండే పాతకాలపు బ్యాటరీలే, కాకపోతే నేల కింద బారులు తీరి ఉంటాయి. అవి అయిపోతే డీజిల్ ఇంజన్లు వేసి ఛార్జి చెయ్యాలి, డీజిల్‌కు గాలి కావాలి. అందుకని పెరిస్కోపు లోతుకు లేచి, స్నోర్కెల్ అనే గొట్టాన్ని నీళ్ల పైకి పెడతారు. దొరికిపోయేది సరిగ్గా అప్పుడే. ఇంజన్ల మోత నీళ్లలో దూరం పోతుంది, గొట్టం రాడార్‌కు తగులుతుంది, పొగలో వేడి ఉంటుంది. లోపలి బాధ వేరే. ఛార్జింగ్ వేళ హైడ్రోజన్ పుడుతుంది, గాలి ఆడకపోతే పేలుతుంది. బ్యాటరీలోకి సముద్రపు నీరు చేరితే క్లోరిన్ పుడుతుంది, అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. 75 మంది ప్రాణాలు ఈ లెక్క మీద నిలబడేవి.

అణు జలాంతర్గామి గొప్ప ఏమిటో ఇక్కడ నిలబడితే అర్థమవుతుంది. రియాక్టర్‌కు గాలి అక్కర్లేదు, కాబట్టి గొట్టం పైకి పెట్టే పనే లేదు. తిండి అయిపోయేదాకా అడుగునే ఉండొచ్చు. 2009 జులై 26న దేశంలో కట్టిన మొదటి అణు జలాంతర్గామి ఐఎన్‌ఎస్ అరిహంత్ నీళ్లలో దిగింది ఈ ఊళ్లోనే. రెండోది ఐఎన్‌ఎస్ అరిఘాత్ 2024 ఆగస్టు 29న చేరిందీ ఇక్కడే. పరీక్షల్లో మా తరగతివాళ్లు తరచూ తప్పే చోటు ఒకటుంది: అణుశక్తితో నడవడం వేరు, అణ్వాయుధం మొయ్యడం వేరు. అరిహంత్ రెండూ చేస్తుంది. 2021 సెప్టెంబరులో ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికా కలిసి ప్రకటించిన ఆకస్ ఒప్పందం కింద ఆస్ట్రేలియాకు రావాల్సినవి అణుశక్తితో నడిచేవే గాని అణ్వాయుధాలు మోసేవి కావు. రెంటినీ కలిపేసి రాస్తే ఆ ఒప్పందం ఏమిటో అంతుపట్టదు.

రోడ్డు దాటి విమానం దగ్గరికి వెళ్లాను. టీయూ-142 మన నౌకాదళంలో 1988 నుంచి 2017 మార్చి దాకా ఎగిరింది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి రెండేసి ప్రొపెల్లర్లు, ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. దాని అసలు పనిముట్టు మాత్రం సోనోబోయ. రోకలంత గొట్టం, పైనుంచి వదిలితే నీళ్ల మీద తేలుతుంది. అందులోంచి తీగకు కట్టిన మైకు అడుక్కి దిగి, విన్నదాన్ని రేడియోలో విమానానికి పంపుతుంది. ఒక్కటి వేస్తే మోత ఉందని తెలుస్తుంది గాని ఎక్కడుందో తెలీదు. వరసగానో వలయంగానో చాలా వెయ్యాలి.

బంగాళాఖాతం ఈ పనికి మహా పెంకి సముద్రం. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మన గోదావరి, కృష్ణ అన్నీ మంచినీళ్లు తెచ్చి పోయడంతో పైపొరలో ఉప్పు తక్కువ, కింద ఎక్కువ. పైన వేడి, లోతుకు పోయేకొద్దీ చల్లన. ధ్వని ఈ పొరల దగ్గర వంగిపోతుంది. పైన వెతికే ఓడ పంపిన శబ్దం వంగి పక్కకు పోతే, పొర కింద నక్కినవాడు దగ్గర్లో ఉన్నా వినపడడు. అందుకే మైకును ఎంత లోతుకు దింపాలన్నది ముఖ్యం. పొర దాటి దించకపోతే బోయలన్నీ దండగ. ఇలాంటి నీళ్లలో పనిచేసే టార్పెడోల మీద 1969 నుంచి పరిశోధించే రక్షణశాఖ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ కూడా విశాఖలోనే ఉంది. వరుణాస్త్ర అనే టార్పెడో అక్కడిదే.

టీయూ-142 దిగిపోయాక ఆ పని అమెరికా బోయింగ్ కట్టిన పీ-8ఐ విమానం చూసుకుంటోంది. వెతికే పని మారలేదు, సరుకిచ్చే దేశం మారింది.

కాస్త దూరంలో విక్టరీ ఎట్ సీ స్తూపం ఉంది, 1971 యుద్ధం గుర్తుకు. 1971లో విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడానికి పాకిస్తాన్ ఘాజీని పంపింది. అది అమెరికాలో డయాబ్లో పేరుతో పుట్టిన జలాంతర్గామి. విక్రాంత్ అప్పటికే అండమాన్ల వైపు తరలిపోయింది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్, విక్రాంత్ విశాఖ దగ్గరే ఉందని నమ్మించడానికి రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ చేత పెద్ద ఓడకు తగ్గట్టు వైర్‌లెస్ సందేశాలు పంపించాడు. ఊళ్లో భారీగా సరుకులు ఆర్డరిచ్చాడు, కబురు గూఢచారుల చెవిన పడాలని. డిసెంబరు 3 రాత్రి దాటాక ఘాజీ ఇక్కడే మునిగింది, లోపలివాళ్లలో ఒక్కరూ బతకలేదు. రాజ్‌పుత్ వేసిన పేలుడు గుళ్లకని మనం అంటాం, లోపలి పేలుడనో, తాను పరిచిన సముద్రపు మందుపాతరే తగిలిందనో పాకిస్తాన్ అంటుంది. ఈ వాదన తెగేది కాదు. నా మటుకు ఎవరు కొట్టారన్నదానికన్నా, లేని ఓడ కోసం ఆ జలాంతర్గామి విశాఖ గుమ్మం దాకా రావడమే పెద్ద విషయం. డిసెంబరు 4 నౌకాదళ దినం మాత్రం ఘాజీ కోసం కాదు, ఆ రాత్రి కరాచీ మీద జరిగిన దాడి గుర్తుగా. బీచ్‌లో పదిమందిని అడిగితే తొమ్మిదిమంది ఘాజీ అనే చెబుతారు.

విశాఖ నీళ్లలో పడుకున్నది అదొక్కటే కాదు. 1944 ఫిబ్రవరి 11న జపాన్ జలాంతర్గామి ఆర్‌ఓ-110ను ఈ తీరానికి ఆవల ముంచారు. ముంచినవి మన జమున, ఆస్ట్రేలియా ఓడలు ఇప్స్‌విచ్, లాన్సెస్టన్. అంతకు రెండేళ్ల ముందు 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. ఇక 2020 నవంబరులో ఇదే తీరం దగ్గర మలబార్ అనే ఉమ్మడి నౌకాదళ విన్యాసాలు జరిగాయి: భారత్, ఆస్ట్రేలియా, జపాన్, అమెరికా. 2024 అక్టోబరులో మళ్లీ ఇక్కడే. ముంచినవాడు, మునిగినవాడు, అప్పట్లో పాకిస్తాన్‌కు జలాంతర్గామి ఇచ్చినవాడు ఒకే పక్క నిలబడ్డారు. ఈ నాలుగు దేశాల కూటమి క్వాడ్ శాశ్వతమనీ, రష్యా స్నేహం అయిపోయిందనీ రాసేవాళ్లకు ఈ బీచ్ రోడ్డు మీద ఒక సాయంత్రం నడక ఇప్పించాలి.

నాలుగు దాటాక మురీ మిక్చర్ పొట్లం పట్టుకుని గోడ మీద కూర్చుంటే లంగరు వేసిన ఓడలు కనిపిస్తాయి. ఇక్కడ ఫోను పనికొస్తుంది. ఓడలు తమ జాడను తామే రేడియోలో చెప్పే పద్ధతి పేరు ఏఐఎస్, దాన్ని చూపే యాప్ తెరిచి ఒక ఓడ మీద నొక్కండి. ఓడ రేడియో గుర్తింపు సంఖ్య, తొమ్మిదంకెల ఎంఎంఎస్‌ఐ వస్తుంది, దాని మొదటి మూడంకెలు జెండా దేశం చెబుతాయి. 419 భారత్, 636 లైబీరియా, 538 మార్షల్ దీవులు. జెండా చూసి ఓడ ఎవరిదో చెప్పకూడదు, సుంకాలు, నిబంధనలు తేలికని అక్కడ రాయించుకుంటారు. నమ్మదగింది ఐఎంఓ నంబరు, అంటే అంతర్జాతీయ సముద్ర సంస్థ పేరిట ఓడకిచ్చే సంఖ్య. పేరు, రంగు, జెండా, యజమాని మారినా ఆ 7 అంకెలు మారవు. అది నకిలీదా కాదా అన్నది కాగితం మీదే చూడొచ్చు. మొదటి ఆరంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడితే, మొత్తం చివరి అంకె ఏడో అంకెతో కలవాలి. 9074729 తీసుకోండి: 63, 0, 35, 16, 21, 4 కూడితే 139. చివర 9, సరిపోయింది. లెక్క కుదిరినంత మాత్రాన నంబరు నిజమని కాదు, వేరే ఓడది కాజేసి ఉండొచ్చు. కుదరకపోతే మాత్రం అబద్ధమే. ఆంక్షలు తప్పించుకునే చమురు ఓడల కథ మొదలయ్యేది ఇక్కడే.

కళ్లతోనూ చదవొచ్చు. ఓడ పొట్ట కింద ఎర్రరంగు ఎత్తుగా కనిపిస్తే ఖాళీ, నీళ్లకు అంటుకుపోయి ఉంటే నిండు. యాప్‌లో నిండు అని, కళ్లకు ఖాళీ అని ఉంటే, చాలాసార్లు కుట్ర కాదు, సిబ్బంది వివరాలు మార్చలేదంతే. మావాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇంకోటి. ఓడ మ్యాప్ మీద మాయమైతే ఏఐఎస్ ఆపేసిందని రాసేస్తారు. ఉచిత యాప్‌లు ఒడ్డున ఉన్న రిసీవర్ల మీద ఆధారపడతాయి, కొన్ని పదుల కిలోమీటర్లు దాటితే వాటికి అందదు. యుద్ధనౌకలకు ఏఐఎస్ తప్పనిసరి కాదు కాబట్టి ఎదురుగా బూడిదరంగు ఓడ నిలబడ్డా ఫోనులో ఖాళీ నీళ్లే చూపిస్తుంది.

అక్కడే కూర్చుని ఇంకో లెక్క. ఇసుకలో నిలబడ్డ మనిషికి దిగంతం సుమారు 4.5 కిలోమీటర్లు. ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దూరం వస్తుంది. మన సార్వభౌమాధికారం చెల్లే ప్రాదేశిక జలాలు ఆధారరేఖ (తీరం వెంట కొలత మొదలయ్యే గీత) నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్ల పైచిలుకు. కైలాసగిరి లాంటి చోట 100 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే దిగంతం 36 కిలోమీటర్లు, 12 మైళ్ల గీత లోపలే పడిపోతుంది. చేపలు, చమురు లాంటి సముద్ర సంపద మీద మనకే హక్కుండే ఈఈజెడ్ 200 నాటికల్ మైళ్లు, 370 కిలోమీటర్లు. అది ఏ కొండెక్కినా కనపడదు.

మర్నాడు పాత పోస్టాఫీసు వైపు వెళ్లి రాస్ హిల్ ఎక్కాను. పక్కపక్కన మూడు కొండలు, చర్చి, దర్గా, వెంకన్న గుడి. రేవు కాలువ ఇక్కడినుంచి కనిపిస్తుంది, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ. ఆ కొండ మీది లైట్‌హౌస్ ఐఎన్‌ఎస్ విశాఖపట్నం యుద్ధనౌక చిహ్నంలో ఉంది. 2024 జనవరి 26న యెమెన్ తిరుగుబాటుదారులైన హూతీల క్షిపణి తగిలి ఏడెన్ సింధుశాఖలో మార్లిన్ లువాండా అనే ట్యాంకరు ఓడ తగలబడుతుంటే వెళ్లింది ఆ ఓడే. మంటలార్పే పదిమందిని పంపి సాయపడింది. తగలబడ్డ ఓడ జెండా మార్షల్ దీవులది, సరుకు రష్యా నాఫ్తా (ముడిచమురు నుంచి తీసే ఇంధనం), లోపల 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ. ఇది ఎవరి మీద దాడి అని పరీక్షలో అడిగితే ఒక్క దేశం పేరు రాసి తప్పించుకోలేం.

ఇటు కొండల కింద ఇంకో దాగుడుమూత ఉంది, రాతిగుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు పట్టే వ్యూహాత్మక నిల్వ. మంగళూరు, పాడూరులతో కలిపి దేశం మొత్తానికి 53.3 లక్షల టన్నులు, సుమారు తొమ్మిదిన్నర రోజుల అవసరం. గుహకు ఉక్కు పూత లేదు. చుట్టూ రాతిలో ఉండే భూగర్భజలం ఒత్తిడి చమురు ఒత్తిడికన్నా ఎక్కువుంటే చమురు బయటికి పోలేదు, నీరే లోపలికి ఊరుతుంది. ఊరిన నీటిని అడుగునుంచి తోడేస్తారు. నీటిమట్టం పడిపోతే ఆవిరి పగుళ్లలోంచి తప్పించుకుంటుంది, అందుకని పైన సొరంగాల్లోంచి బోర్లలోకి నీళ్లు పంపి రాతిని తడిగా ఉంచుతారు. గల్ఫ్ చమురు వచ్చే హార్ముజ్ జలసంధి మూసుకుంటే దేశానికి ఇలాంటి గుహలూ ఒక ఆసరా. తొమ్మిదిన్నర రోజులు తక్కువే అని నా అభిప్రాయం.

చివరగా ఫిషింగ్ హార్బర్. తెల్లవారుజామున వెళ్లాలి, ఎండెక్కితే వేలం అయిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, అప్పుడు పడవలన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి గుజరాత్ వలస వెళ్లిన కళాసీలు, అంటే పడవల మీద పనిచేసే జాలర్లు, 2018 చివర్లో పాకిస్తాన్‌కు చిక్కి, వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. నీళ్ల మీద గీత కనపడదు, ఇంజను ఆగితే ప్రవాహం ఎటు తోస్తే అటు పోవాల్సిందే.

జెట్టీ మీద ఒక బోటులోకి ఐసు దిమ్మలు దింపుతున్నారు. బోటు నడిపే సరంగు జీపీఎస్ పెట్టె తెరమీద చిన్న చిన్న గుర్తులు పెట్టి ఉన్నాయి. చేపల చోట్లా అని అడిగితే, కొన్ని చేపలవే, కొన్ని రాయో పాత ఓడో అడుగున ఉండి వల పట్టేసే చోట్లు, అన్నాడు. 1971లో ఘాజీ శకలాలు మొదట కంటపడింది జాలర్లకే. ఏది పాత ఓడ, ఏది రాయి అని అడిగాను. "మాకు రెండూ ఒకటే బాబూ, వల చిరుగుద్ది" అని ఐసు మీద గోనె కప్పించాడు.