అరకు వెళ్తే వానల్లోనే వెళ్ళాలి, అదీ రైల్లో

డిసెంబరులో అరకు వెళ్ళొచ్చినవాళ్ళు వలిసె పూల ఫోటోలు చూపిస్తారు గానీ, ఘాట్ రోడ్డు మీద కార్లో ఎంతసేపు కూర్చున్నారో ఎవరూ చెప్పరు. నేను చెప్తాను. కిందటేడు క్రిస్మస్ సెలవులకి వెళ్ళాం. పాపకి అప్పుడే నడక వచ్చింది, నడక వచ్చిన పిల్లని ఒళ్ళో పట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆ వయసు పిల్లలున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఎస్.కోట దాటి కొండెక్కడం మొదలుపెట్టాక వైజాగ్‌లో కార్లన్నీ మా ముందే ఉన్నాయేమో అనిపించింది. మలుపు మలుపుకీ ఎవరో ఒకరు బండి అడ్డంగా ఆపి సెల్ఫీలు. గాలికొండ వ్యూపాయింట్ దగ్గరైతే ముందుకీ లేదు, వెనక్కీ లేదు. వెనకసీట్లో పాప ఏడుపు, పక్కన అత్తయ్య "ఇంటి పట్టున ఉంటే ఏం పోయేదే" అని సన్నగా సణుగుడు, మా ఆయన మాత్రం హారన్ కొడితే దారి వస్తుందన్న నమ్మకంలో ఉన్నారు.

పూలు బావున్నాయి, కాదనను. కొండవాలంతా పసుపు. ఫోటోకి మనిషికింత అని రైతు అడిగితే చాలామంది మొహం చిట్లించారు గానీ, అడగడంలో తప్పేముంది, వలిసెలు నూనెగింజలు, అది వాళ్ళ పంట, మనం తొక్కుకుంటూ పోతున్నాం. నా చిరాకు గది మీద. ఆగస్టులో రెండు వేలకిచ్చే గదికి ఆ వారం ఐదు వేలు తీసుకున్నారు, వేడినీళ్ళు మాత్రం బకెట్‌తో తెచ్చిచ్చారు. రాత్రి బయట చలిమంటలు, డీజే. పాప మంట వైపు పరుగెత్తడం, నేను వెనకాల పరుగెత్తడం, పొగకి ఇద్దరం దగ్గడం. బొంగులో చికెన్ తిన్నామని మా ఆయన అంటారు, నాకు గుర్తులేదు.

ఆ తర్వాత ఎండలు మొదలయ్యాయి, అరకు మాట ఎవరూ ఎత్తలేదు. వైజాగ్ ఎండ హైదరాబాద్ ఎండలా మాడ్చదు, ఉడకబెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మాకు బయట తిరగడమంటే తెల్లవారుజామున బీచ్ రోడ్డే. ఆ వేళకి అక్కడ వాహనాలు ఆపేస్తారు కాబట్టి పిల్లని రోడ్డు మీద వదిలేసి మనం కాస్త నిటారుగా నిలబడొచ్చు. ఆర్‌కే బీచ్‌లో నీళ్ళలోకి మాత్రం దింపం, అక్కడి లాగుడు ఊళ్ళో పుట్టిన అందరికీ తెలిసిందే, ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు పోతూనే ఉంటారు. ఇసకలో గుంటలు తవ్వడం, కుక్కల వెంట పడటం, ఏడింటికల్లా చెమటలు కక్కుకుంటూ ఇంటికి రావడం. దారిలో ముంజలు. నీరు మీదికి చిమ్మేది పాపకి, గింజ నాకు.

అరకు మళ్ళీ వెళ్దామన్నది నేనే, ఆగస్టులో. ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. "వానల్లో చంటిపిల్లని ఏజెన్సీకి తీసుకెళ్తారా ఎవరైనా?" అని అత్తయ్య, ఫోన్లో మా అమ్మ కూడా అదే మాట. వాళ్ళ భయం ఉత్తది కాదు. వానాకాలంలో మన్యంలో దోమలు, మలేరియా ఉన్న మాట నిజమే, అందుకని దోమతెర, నిండు చేతుల చొక్కాలు, కాళ్ళు కప్పే పైజామాలు అన్నీ సర్దాను. కొండచరియలు పడి రైళ్ళు ఆగిపోవడమూ నిజమే, బయలుదేరే ముందురోజు రాత్రి కూడా మా ఆయన బండి ఉందో లేదో చూస్తూనే ఉన్నారు. ఇన్ని చూసుకుని సోమవారం పొద్దున బయలుదేరాం. సోమవారం అని గట్టిగా చెప్తున్నాను, శనివారమైతే వానల్లో కూడా జనమే.

కిరండూల్ పాసింజరు వైజాగ్‌లో ఉదయం ఏడు లోపే కదులుతుంది. అద్దాల బోగీ ఉంది, 2017లో పెట్టారు, పైకప్పు కూడా అద్దమే, దానికి టిక్కెట్టు దొరకడం ఒక ఎత్తు, దొరికితే ఆ రేటు ఇంకో ఎత్తు. పైగా ఏసీ, కిటికీ తెరవడానికి ఉండదు. మా పాపకి కిటికీ అంటే చెయ్యి బయటపెట్టే కన్నం. అందుకే మామూలు బోగీలో రిజర్వేషన్ చేయించాం. ఐదేళ్ళ లోపు పిల్లలకి సీటు అడక్కపోతే టిక్కెట్టు లేదు, సీటు తీసుకుని మాత్రం ఏం లాభం, కూర్చుంటే కదా.

కొత్తవలస దాకా నిద్రమొహాలు. ఎస్.కోటలో ఇడ్లీ పొట్లాలు. బొడ్డవర దాటాక బండి నెమ్మదించింది, సన్నగా జల్లు మొదలైంది, కాసేపటికే మొదటి సొరంగం.

ఈ లైనులో మొత్తం 58 సొరంగాలంటారు. ఎక్కేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు, ప్రతి సొరంగంలోనూ అరవాలని కూడా తెలుసు. మా బోగీలో ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్ళు ఒక పదిమంది దాకా ఉన్నారు, చీకటి పడగానే ఒక్కసారిగా ఈలలు, కేకలు. పాప నా మెడ కరుచుకుపోయింది. గోళ్ళు దిగాయి. వెలుగొచ్చేసరికి మొహమంతా నీళ్ళు, ఏడవడానికి కూడా భయం, కింది పెదవి మాత్రం వణుకుతోంది. నాకు తిక్క రేగింది. "బాబూ, చంటిపిల్లుంది, చూసుకోండి కాస్త" అన్నాను. "సారీ అక్కా, సారీ" అన్నారు, పాపం మర్యాదగానే. రెండో సొరంగంలో మళ్ళీ అరిచారు. ఈసారి కాస్త తగ్గించి.

మూడో దాంట్లోనో నాలుగో దాంట్లోనో పాప తల పైకెత్తి వాళ్ళ వైపు చూడటం మొదలుపెట్టింది. ఆ తర్వాత దాంట్లో నోరు తెరిచింది, శబ్దం రాలేదు. తర్వాత, సొరంగం అయిపోయి పట్టపగలు వెలుతురులోకి వచ్చాక, అందరూ నోరు మూసుకున్నాక, తీరిగ్గా "ఆఆఆఆ" అని అరిచింది. బోగీ అంతా నవ్వు. అక్కణ్ణుంచి ఇక వాళ్ళకీ దీనికీ దోస్తీ. కళ్ళజోడు కుర్రాడొకడు వచ్చి, "అక్కా, ముందు పాపని అరవమనండి, తర్వాత మేం అందుకుంటాం" అని ఒప్పందం చేసుకెళ్ళాడు. అది మాత్రం ఎప్పుడూ సొరంగం దాటాకే అరిచేది, వాళ్ళు పాపం దానికోసం చీకట్లో గమ్మున కూర్చుని, ఎండలోకి వచ్చాక కోరస్ ఇచ్చేవాళ్ళు. ఎదురు సీట్లో పెద్దాయన పేపరు మడిచి పక్కన పెట్టేశారు.

చిమిడిపల్లిలో బండి ఆపేశాడు. గూడ్సు దిగాలట. అసలీ లైను మనకోసం వేసింది కాదు, బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ పోర్టుకి దించడానికి 1960లలో జపాన్ సాయంతో వేసింది, కాబట్టి ఇక్కడ గూడ్సుదే పెత్తనం, పాసింజరు పక్కకి తప్పుకోవాల్సిందే. పెళ్ళికి ముందు స్నేహితులతో వచ్చినప్పుడు ఇలా ఆగితే విసుగ్గా ఉండేది. ఈసారి పాపని దింపి ప్లాట్‌ఫారం మీద వదిలాను, చెయ్యి మాత్రం వదల్లేదు. వాన వెలిసింది. అవతల రాతిగోడ మీద నుంచి నీళ్ళు దారాలు దారాలుగా జారుతున్నాయి, ఏ జలపాతమూ కాదు, పేరు లేదు, పాప అక్కడే నిలబడి కదల్లేదు. ఈలోపు గూడ్సు వచ్చింది. ఒక్కొక్క వ్యాగన్ పోతుంటే వేలు చూపిస్తూ "ఇంకోతి, ఇంకోతి" అంటోంది. వాటి అడుగు నుంచి ఎర్రటి నీళ్ళు కారుతున్నాయి. నేను లెక్కపెడదామని మొదలెట్టి మధ్యలో తప్పాను, అది మాత్రం చివరి దాకా ఒక్కటీ వదల్లేదు.

అక్కడే ఒకావిడ బుట్ట నెత్తిన పెట్టుకుని మా బోగీ ఎక్కింది. అనాసపళ్ళు, వెదురు కొమ్ములు. చిన్న కత్తితో నా ముందే అనాసపండు చెక్కు తీసి, కళ్ళు ఏటవాలుగా గాట్లు పెట్టి తీసేసి, ముక్కలు కోసి, అడ్డాకు డొప్పలో పెట్టి ఇచ్చింది. ఉప్పూ కారం విడిగా కాగితంలో. పాప ఏడుపు మొహం పెట్టగానే, "ఏటమ్మా, పిల్లకి ఒట్టిదియ్యి, కారం ఎయ్యకు" అని నాకే జాగ్రత్త చెప్పింది. వైజాగ్‌లో ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు ముక్కలు పెట్టి ఎనభై అడుగుతారు, ఈవిడ పండు మొత్తం కోసి నలభై అంది, ఆ నలభై దగ్గర కూడా బేరమాడిన పెద్దమనిషి మా బోగీలోనే ఉన్నాడు. ముక్కలు అయిపోయాక డొప్పని పాప కిటికీలోంచి బయటికి పట్టుకుని కూర్చుంది, వాన పట్టడానికి. నిండితే తాగుతుందేమోనని నాకు టెన్షన్. తాగలేదు, వాళ్ళ నాన్న చొక్కా మీద పోసింది.

పాలకి వేడినీళ్ళ సంగతి కూడా చెప్పాలి, తల్లులు అడుగుతారు. టీ అబ్బాయిని అడిగితే ఫ్లాస్కులో నీళ్ళు పోసిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. బట్టలు మార్చడానికి మాత్రం బోగీలో చోటనేది లేదు, కుదిపే బండిలో బాత్రూంలో డైపరు మార్చడం నావల్ల కాదు, సీటు మీద చున్నీ అడ్డం పెట్టి కానిచ్చాను. అద్దాల బోగీకి అంత ఖర్చు పెట్టినవాళ్ళు పిల్లలకి ఒక చెక్క బల్ల బిగించలేరా అని ఇప్పటికీ నా గొడవ.

షిమిలిగుడ వచ్చింది. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, బ్రాడ్‌గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషన్ అని ఒకప్పుడు పేరు. అందరూ దిగి బోర్డు దగ్గర ఫోటోలు తీసుకున్నారు. మా పాప నిద్రపోయింది. మా ఆయన దాన్ని భుజాన వేసుకుని బోర్డు ముందు నిలబడ్డారు, ఆ ఫోటోలో పాపకి వీపు, ఈయనకి తడిసిన చొక్కా.

అరకులో ఏం చూశామంటే పెద్దగా ఏమీ లేదు. బొర్రా గుహలు వద్దనుకున్నాం, వానల్లో ఆ మెట్లు జారుడు, బయట కోతులు, పిల్లని ఎత్తుకుని అంత లోపలికి దిగి ఎక్కే ఓపిక ఇద్దరికీ లేదు. చాపరాయి కూడా అంతే, ఆ బండల మీద నీళ్ళు ఉరవడిగా ఉన్నప్పుడు దూరం నుంచే దణ్ణం. పద్మాపురం గార్డెన్స్‌లో ఒక పూట గడిచింది, గిరిజన మ్యూజియంలో బొమ్మల్ని చూసి పాప "టాటా" చెప్పింది. మిగతా టైమంతా గది ముందు వరండాలోనే. అదే ఐదు వేల గది, ఇప్పుడు పద్దెనిమిది వందలు, వేడినీళ్ళు కుళాయిలోనే వచ్చాయి. మేఘం కొండ దిగి ముందున్న సిల్వర్ ఓక్ చెట్లని మింగేసేది, కాసేపటికి వదిలేసేది. పాప గమ్‌బూట్లతో ముందున్న గుంటలో దూకేది, బూట్లలో నీళ్ళు నిండేవి, నేను ఒంపేదాన్ని, మళ్ళీ దూకేది. ఎదురుగా కాఫీ తాగుతూ మా ఆయన, "డిసెంబరులో ఈ గుంట లేదు కదా" అన్నారు. ఆ వాక్యం కోసం ఎనిమిది నెలలుగా ఎదురుచూస్తున్నాను, ఒకసారి మళ్ళీ చెప్పించుకున్నాను.

తిరుగు ప్రయాణం ఆర్టీసీ బస్సులో. ఘాట్ మీద ఒక్క కారు అడ్డం లేదు, అనంతగిరి దగ్గర మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్ళు మాత్రం కనిపించారు. పాపకి కడుపులో తిప్పుతుందని భయపడ్డాం గానీ తిప్పింది నాకు.

ఇంటికొచ్చాక అత్తయ్య ముందు పాప నుదురు పట్టి చూశారు, జ్వరం లేదు. తర్వాత వెదురు కొమ్ములు పట్టుకుని చూసి, ఎంతకి తెచ్చారని అడిగారు. చెప్పాను. "మోసపోయారు" అన్నారు. కూర మాత్రం ఆవిడే వండారు. సెప్టెంబరు చివర్లో సీతాఫలాలొస్తాయి, అప్పుడు తనూ వస్తానంటున్నారు, కాకపోతే రైల్లో ఆ అరుపులు తన వల్ల కాదట.