పదకొండో వచనం ఒక్కటే చదివి ప్రసంగించాను

"వాక్యపరిచర్యకు సిద్ధపడు" అని మా పాస్టరు గారు చెప్పినప్పుడు రెండు మూడు వారాల్లో నన్ను వేదిక ఎక్కిస్తారనుకున్నాను. అప్పటికే మనసులో నాలుగు ప్రసంగాలు రెడీగా ఉన్నాయి. ఆయన నాకు అప్పజెప్పింది వేరే పని. ప్రతి ఆదివారం ప్రసంగానికి ముందు ఆ రోజు వాక్యభాగాన్ని సంఘానికి చదివి వినిపించాలి. అంతవరకే. ఒక ఏడాది పాటు.

నాకు బాధేసింది. చదవడం ఎవరైనా చేస్తారు కదా అన్నాను. ఆయన బైబిలు తెరిచి మొదటి తిమోతి 4:13 చూపించారు. పౌలు ఆ యువకుడికి చదవడం, హెచ్చరించడం, బోధించడం అని మూడు పనులు వరసగా చెప్పాడు. అందులో చదవడం అంటే ఇంట్లో ఒంటరిగా చదువుకోవడం కాదు, సంఘం ముందు బిగ్గరగా చదవడం. రెండో శతాబ్దం మధ్యలో జస్టిన్ అనే విశ్వాసి తమ ఆదివారపు ఆరాధన ఎలా జరుగుతుందో రాసిపెట్టాడు. అపొస్తలుల జ్ఞాపకాలనో ప్రవక్తల రాతలనో సమయం ఉన్నంతసేపు చదివేవారట, చదివేవాడు ముగించాకే నాయకుడు లేచి మాట్లాడేవాడట. "నువ్వు చేసేది చిన్న పని కాదు బాబూ" అన్నారు పాస్టరు గారు. నేను తలూపాను కానీ నమ్మలేదు.

మొదటి నెలలో ఎఫెసీయులకు రాసిన పత్రిక ఒకటో అధ్యాయం ఇచ్చారు. 3వ వచనం నుంచి 14 దాకా గ్రీకులో ఒకే వాక్యం. తెలుగులో కూడా మాటకు మాట గొలుసులా తగులుకుని వస్తుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియక మధ్యలో తడబడ్డాను, వెనక వరసలవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. తర్వాతి వారం మళ్లీ అదే భాగం చదవమన్నారు. ఈసారి శనివారం రాత్రి ఎనిమిదిసార్లు పైకి చదివాను. "క్రీస్తునందు", "ఆయనయందు" అన్న మాటలు ఎన్నిసార్లు వస్తున్నాయో నాలుక మీద పడ్డాకే తెలిసింది. కళ్లతో చదివినన్నాళ్లూ ఆ మాటల మీదుగా జారిపోయానన్నమాట.

ఇంకో వారం లూకా 4. నజరేతు సమాజమందిరంలో యేసు ప్రభువు యెషయా గ్రంథం చదివిన సందర్భం. పక్కనే యెషయా 61 కూడా తెరిచి పెట్టుకోమన్నారు పాస్టరు గారు. ప్రభువు "హితవత్సరము" దగ్గర ఆపేసి, గ్రంథం చుట్టి పరిచారకుడికి ఇచ్చి కూర్చున్నాడు. యెషయాలో ఆ వాక్యం అక్కడ ముగియలేదు. దాని వెంటనే "ప్రతిదండన దినము" అన్న మాట ఉంది. ఆ రోజు ఆయన దాన్ని చదవలేదు. ఆ తేడా చూసినప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా బోధలో భాగమేనని అప్పుడు అర్థమైంది. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం నాకింకా తెలియలేదు.

ఏడాది ముగిశాక మొదటి ప్రసంగం ఇచ్చారు. వాక్యభాగం నన్నే ఎంచుకోమన్నారు. యిర్మీయా 29:11 తీసుకున్నాను. మీ గురించి నేను తలపెట్టినవి సమాధానకరమైనవే కానీ హానికరమైనవి కావు, మీకు నిరీక్షణ కలిగేలా చేస్తాను అని దేవుడు చెప్పే మాట. ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో ఒకరి స్టేటస్‌లో కనిపించే వచనం. నాకూ కష్టకాలంలో బలమిచ్చిన వచనం కాబట్టి మనస్ఫూర్తిగానే ఎంచుకున్నాను.

నలభై ఐదు నిమిషాలు మాట్లాడాను. ఆన్‌లైన్‌లో నేను రోజూ వినే ప్రసంగీకుల పద్ధతిలోనే గొంతు పెంచాను, తగ్గించాను, పక్కవారితో చెప్పండి అన్నాను. చివర్లో ఊపు వచ్చింది. "ఈ ఏడాది ముగిసేలోగా మీ పరిస్థితి మారబోతోంది, మీ మంచం మీద ఉన్న రోగి లేవబోతున్నాడు" అనేశాను. సంఘమంతా చప్పట్లు. బయట చాలామంది చేయి పట్టుకుని, దేవుడు మిమ్మల్ని బలంగా వాడుకున్నాడు బ్రదర్ అన్నారు. పాస్టరు గారు మాత్రం వందనాలు చెప్పి వెళ్లిపోయారు.

సంవత్సరం చివర్లో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఒక అక్క నా కోసం ఆగింది. వాళ్లాయన కొన్నేళ్లుగా మంచం మీదే ఉన్నారు. ఆమె మాట్లాడిన తీరు నాకిప్పటికీ చెవుల్లోనే ఉంది. గొంతులో కోపం లేదు.

"తమ్ముడూ, ఏడాది ముగిసేలోగా అన్నారు కదా. ఆ మాట ఇంటికెళ్లి ఆయనకి చెప్పాను. చాలా ధైర్యం తెచ్చుకున్నారు. ఇప్పుడు రోజూ అడుగుతున్నారు, మనలో ఏదైనా తప్పుందేమో, అందుకే దేవుడు ఆపాడేమో అని. ఏం చెప్పమంటారు?"

నా దగ్గర జవాబు లేదు. ప్రార్థన చేద్దాం అక్కా అని తప్పించుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు పాస్టరు గారి ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన మందలించలేదు. "యిర్మీయా 29 చదువు. ఒకటో వచనం నుంచి. పైకి చదువు" అన్నారు. ఏడాది పాటు ఎన్నో అధ్యాయాలు సంఘానికి చదివి వినిపించిన నేను, నా సొంత ప్రసంగానికి ఆ అధ్యాయం పూర్తిగా చదవలేదు. పదకొండో వచనం ఒక్కటే చదివి ప్రసంగం రాసుకున్నాను.

ఆ గదిలో అది చదువుతుంటే నా గొంతు నాకే వణికింది. అది ఒక ఉత్తరం. క్రీస్తు పూర్వం 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యూదా రాజు యెకొన్యాతో పాటు తన దేశానికి చెరపట్టుకుపోయిన జనానికి యిర్మీయా యెరూషలేము నుంచి రాసి పంపాడు. ఐదో వచనంలో ఇళ్లు కట్టుకుని అక్కడ కాపురముండండి, తోటలు నాటుకోండి అంటాడు. ఆరులో పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లలకు చేయండి అంటాడు. ఏడులో మిమ్మల్ని చెరగా తెచ్చిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అంటాడు. పదో వచనంలో డెబ్బై సంవత్సరాలు. పదకొండు దాని తర్వాతే వస్తుంది. ఆ ఉత్తరం చదివినప్పుడు విన్న పెద్దవాళ్లలో చాలామంది బబులోనులోనే కన్నుమూసి ఉంటారు. నేను "ఈ ఏడాది" అని చెప్పిన వచనం, డెబ్బై ఏళ్లు ఆగమని చెప్పిన ఉత్తరంలోది.

"ఇప్పుడు దాని ముందు అధ్యాయం" అన్నారు పాస్టరు గారు. 28లో హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. రెండేళ్లలోగా మందిరపు ఉపకరణాలు, రాజు, చెరపట్టబడినవాళ్లు అందరూ తిరిగి వచ్చేస్తారని అతను మందిరంలో జనమందరి ముందు ప్రకటించాడు. బబులోనుకు లొంగి ఉండాలన్నదానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కాడిని తీసి విరగ్గొట్టాడు. జనానికి ఎంత బావుండి ఉంటుంది ఆ మాట! దానికి యిర్మీయా మొదట ఏమన్నాడో నేనెప్పుడూ గమనించలేదు. "ఆమేన్" అన్నాడు. యెహోవా అలాగే చేయుగాక అన్నాడు. అతనికీ వాళ్లు తిరిగి రావాలనే ఉంది. కానీ దేవుడు చెప్పని మాట తాను చెప్పలేడు.

ఇంటికి వచ్చి ఫోన్‌లో ఉన్న నా ప్రసంగం రికార్డింగ్ విన్నాను. "ఆమేన్ అనండి" అని ముప్పై ఒక్కసార్లు అన్నాను. చెప్పడానికి వాక్యంలోంచి ఏమీ దొరకని చోటల్లా ఆ మాట వచ్చింది. నేను ఆ రోజు హనన్యా మాట్లాడినట్టే మాట్లాడాను. మోసం చేయాలని కాదు. వాళ్ల బాధ తీరిపోవాలన్న ఆశ నాకు నిజంగానే ఉంది, ఆ ఆశకు దేవుడి పేరు పెట్టి చెప్పేశాను.

తర్వాత ఏం చేయాలన్నది సంఘపెద్దల మీటింగ్‌లో చర్చకు వచ్చింది. ఒక పెద్దాయన, అక్క దగ్గరికి వెళ్లి క్షమాపణ అడిగితే చాలు, వేదిక మీద ఒప్పుకుంటే రేపు బోధకుల మాట ఎవరు వింటారు అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. అపొస్తలుల కార్యాల్లో అపొల్లో అనే బోధకుడు తనకు తెలిసినంతవరకే బోధిస్తున్నప్పుడు ప్రిస్కిల్ల, అకుల దంపతులు అతన్ని అందరిలో నిలదీయలేదు, చేర్చుకుని ఇంకా పూర్తిగా వివరించారు. పాస్టరు గారు నన్ను ఇంటికి పిలిచి చేసింది కూడా అదే. కానీ ఆయన నాతో అన్న మాట వేరు: "మైకులో చెప్పావు. దిద్దుకునేది కూడా మైకులోనే. ఆ మాట నమ్మి ఇంటికెళ్లినవాళ్లు ఆ అక్క ఒక్కతే అనుకుంటున్నావా?"

ఆయనదే సరైనదని నాకిప్పటికీ అనిపిస్తుంది. బోధకులకు మరింత కఠినమైన తీర్పు ఉంటుందని యాకోబు రాశాడు. మనం బహిరంగంగా మోపిన బరువును చాటుగా దించుతానంటే, మనకు చెప్పుకునే ధైర్యం లేనివాళ్లు దాన్ని మోస్తూనే ఉంటారు.

సంఘం ముందు నిలబడే ముందు అక్క ఇంటికి వెళ్లాను. వెళ్లే ముందు పాస్టరు గారు యెహెజ్కేలు 3:15 చదివి వెళ్లమన్నారు. యెహెజ్కేలు చెరలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి ఏడు రోజులు వాళ్ల మధ్య కూర్చున్నాడు. అతనికి దేవుని మాట మళ్లీ వచ్చింది ఆ ఏడు రోజుల తర్వాతే. నేను ఒక గంట కూర్చోగలిగాను. మంచం పక్కన స్టూల్ మీద మందులు, నీళ్ల గ్లాసు, చిరిగిన అట్ట ఉన్న బైబిలు. "ఆ మాట దేవుడు చెప్పింది కాదు, నేను చెప్పింది. మీ తప్పేమీ లేదు. నన్ను క్షమించండి" అన్నాను. ఆయన చాలాసేపు పైకప్పు వైపే చూస్తూ ఉన్నారు. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మరుసటి ఆదివారం అదే వేదిక మీద, అదే వాక్యభాగం. ఈసారి 28, 29 అధ్యాయాలు పూర్తిగా చదివాను. చదవడానికే పదిహేను నిమిషాలకు దగ్గర పట్టింది. మిగతా పదిహేను నిమిషాల్లో ఆ ఉత్తరం ఎవరికి వచ్చిందో, నేను ఏం తప్పు చెప్పానో, డెబ్బై ఏళ్లంటే ఆ జనానికి ఏమిటో చెప్పాను. చప్పట్లు లేవు. ఆరాధన అయ్యాక ఎప్పుడూ నాతో మాట్లాడని ఇద్దరు వచ్చారు. ఒకాయన తన అప్పుల గురించి, ఒకామె పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లలు లేకపోవడం గురించి చెప్పుకున్నారు. మొదటి ప్రసంగం తర్వాత అందరూ నన్ను మెచ్చుకున్నారు కానీ ఎవరూ నాతో ఇలా మాట్లాడలేదు.

ఇప్పుడు నెలకు రెండుసార్లు ప్రసంగిస్తున్నాను. ఏ వచనం తీసుకున్నా సోమవారం నుంచి ఆ అధ్యాయం మొత్తం రోజూ పైకి చదువుతాను. ఇది ఎవరు ఎవరితో అన్నారు, విన్నవాళ్లు అప్పుడు ఏ స్థితిలో ఉన్నారు అన్నది చేత్తో రాసుకుంటాను. వేరేవాళ్ల ప్రసంగాలు అది అయ్యాకే వింటాను. ముందే వింటే నా మెదడు వాక్యాన్ని వదిలి వాళ్ల ఉదాహరణల వెంట పోతుంది. శనివారం రాసుకున్నదంతా ముందు పెట్టుకుని, ఈ మాట ఆ మంచం పక్కన నిలబడి చెప్పగలనా అని ఒక్కో వాక్యం దగ్గరా ఆగుతాను. చెప్పలేనివి కొట్టేస్తాను. ప్రసంగం అయ్యాక ఎలా ఉందని ఎవరినీ అడగను. ఏం విన్నారని అడుగుతాను. ఒక్కోసారి నేను చెప్పనిది విన్నామంటారు, అప్పుడు ఎక్కడ సరిగా చెప్పలేదో వెతుక్కుంటాను.

అక్క వాళ్ల ఇంటికి ఇప్పటికీ నెలకోసారి వెళ్తున్నాను. ఆ క్షమాపణ తర్వాత రెండోసారి వెళ్లినప్పుడు ఆయనే ఆ ఉత్తరం చదవమన్నారు. డెబ్బై ఏళ్ల దగ్గర ఆపి, "అయితే ముందే చనిపోయినవాళ్లకి ఈ ఉత్తరం వల్ల ఏం వచ్చింది?" అని అడిగారు. కాసేపు ఆలోచించి, "వాళ్లు ఇంకా బబులోనులో ఉండగానే వచ్చింది కదండీ ఈ ఉత్తరం" అన్నాను. ఇంతకు మించి నాకేమీ తోచలేదు. ఆయన అక్కను పిలిచి దిండు ఎత్తుగా పెట్టమన్నారు. మళ్లీ ఒకటో వచనం నుంచి చదవమన్నారు.

ఆయన ఇంకా మంచం మీదే ఉన్నారు. ఇప్పుడు యెహెజ్కేలు చదువుతున్నాం. పన్నెండో అధ్యాయం దాకా వచ్చాం.