మురికి సీసాదా, స్పంజికదా?

“కొవ్వుల గ్రాఫు చివర ఈ గుట్టలన్నీ మీరు కడిగి వాడే సీసాల మురికే. ఇక్కడ ఒకసారి వాడి పారేస్తాం.” ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఒక ల్యాబులో పడ్డ మాట. హన్మకొండ నుంచి పగడాల, స్పంజికల (సముద్రపు స్పాంజి జీవుల) కొవ్వుల మీద పనికి వచ్చినోళ్లకు ఇలాంటిది ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. గాజు కడిగితే పిసినారితనమట!

ఈ పనిలో మురికికి భయపడాల్సిందే, ఒప్పుకుంటా. గ్రాము స్పంజికలో చేతికొచ్చే కొవ్వు మిల్లీగ్రాముల్లోనే. క్లోరోఫామ్ ప్లాస్టిక్‌కు తగిలితే దాన్ని మెత్తగా ఉంచే థాలేట్లు దిగుతాయి. వేలు తగిలితే పాల్మిటిక్, స్టియరిక్ ఆమ్లాలు అంటుకుంటాయి. తొక్కు జాడీలో తడి గరిటె పెట్టనియ్యని ఇంట్లో పెరిగినోళ్లకు ఇది వేరే చెప్పాలా? మనోళ్లు కడిగే తీరు చూడండి. ముందు నీళ్లు, తర్వాత మెథనాల్, ఆరినంక మఫిల్ ఫర్నేసులో (కరెంటు కొలిమి) 450 డిగ్రీల దగ్గర 4 గంటలు. అంత వేడికి సేంద్రియ పదార్థం ఏదైనా కాలిపోతుంది. పైన కప్పే అల్యూమినియం రేకును కూడా అందులోనే కాల్చాలి, దానికి తయారీ నూనె ఉంటుంది. కొలత గీతలున్న ఫ్లాస్కులు, పిపెట్లు మాత్రం పెట్టొద్దు, కొలత తప్పుతాయి. మూతలు టెఫ్లాన్ పొరవి తీసుకుని ద్రావణితో కడగాలి. కార్టన్ విప్పి నేరుగా తీసిన కొత్త సీసా ఇంత శుభ్రంగా ఉంటుందంటే నేను నమ్మను.

ఇగ ఆ గుట్టల సంగతి. స్పంజికల ఫాస్ఫోలిపిడ్లలో (కణపొరల కొవ్వుల్లో) 24 నుంచి 30 కార్బన్ల కొవ్వు ఆమ్లాలుంటాయి, ద్విబంధాలు 5, 9 స్థానాల్లో. చేపనూనెకు రాసిన జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ, కొవ్వు ఆమ్లాలను వేరు చేసి గ్రాఫు గీసే యంత్రం) ప్రోగ్రామ్ 22 కార్బన్ల ఒమేగా-3 ఆమ్లం డీహెచ్‌ఏ రాగానే దాదాపు అయిపోతుంది. పొడుగువి కాలమ్‌లోనే (యంత్రంలోని సన్నటి గొట్టంలో) ఉండిపోయి, తర్వాతి నమూనా నడుస్తుంటే వెడల్పాటి గుట్టలుగా బయటపడతాయి. డీబీ-5 లాంటి కాలమ్ మీద 300 డిగ్రీల దాకా పెంచి ఓ 15 నిమిషాలు నిలిపితే అవే సన్నటి పీకులవుతాయి. పిరోలిడైడ్లుగా (ద్విబంధాల స్థానం తెలిసే రసాయన రూపంలోకి) మార్చి మాస్ స్పెక్ట్రం, అంటే అణువు ముక్కల బరువుల గ్రాఫు, తీస్తే ఎం/జెడ్ (ముక్క బరువు) 180 దగ్గర పెద్ద గీత వస్తుంది, 5,9కి అదే గుర్తు. జపాన్‌లో కిరిన్ బీరు కంపెనీ వాళ్లు 1993లో ఒకినావా స్పంజిక అగెలాస్ నుంచి తీసిన గ్లైకోలిపిడ్లే ఆల్ఫా గెలాక్టోసైల్ సెరమైడ్‌కు దారి తీశాయి. ఎన్‌కేటీ అనే రోగనిరోధక కణాలను రేపే, మందుగా పరీక్షించిన పదార్థం అది. వాళ్లు గనక నేరం సీసా మీదికి తోసేసి ఉంటే?

కొవ్వు తీసేటప్పుడు చెడగొట్టేది ఎక్కువగా నీళ్లు. 1957 నాటి ఫోల్చ్ పద్ధతిలో గ్రాముకు క్లోరోఫామ్, మెథనాల్ 2:1 మిశ్రమం 20 మి.లీ.; వడగట్టినంక 0.9 శాతం ఉప్పునీళ్లు 4 మి.లీ. కింది పొరే మనది. స్పంజిక నిండా సముద్రపు నీళ్లే. అట్లనే వేస్తే మిశ్రమం ముందే రెండు పొరలై కొంత కొవ్వు లోపలే మిగులుతుంది. అందుకే ముందు ఫ్రీజ్ డ్రై (గడ్డకట్టించి నీళ్లు లాగేయడం). మధ్యలో కరగనిస్తే కొవ్వును విరిచే ఎంజైములు, లైపేజులు, పని మొదలుపెడతాయి. ఈ ఒక్క విషయంలో ఇక్కడోళ్లకు దండం పెట్టాలి: పడవ మీదే ద్రవ నత్రజని, ఒడ్డున మైనస్ 80 ఫ్రీజర్, కరెంటు పోతే ఫోనుకు అలారం. మన దగ్గర సగం పరిశోధన జనరేటర్ వేసే వాచ్‌మన్ చేతుల్లో ఉంటుంది.

పగడానికైతే కణజాలాన్ని ఎయిర్‌బ్రష్‌తో ఊది, సెంట్రిఫ్యూజ్‌లో దాని లోపల బతికే శైవలాలను (నాచు కణాలను) వేరు చేయాలి. లేకుంటే డీహెచ్‌ఏ ఎవరిదో తేలదు.

సీసా మీద మాట వస్తే వాదన వద్దు, బ్లాంక్ చూపించండి. నమూనా వేయకుండా అన్ని దశలూ నడపాలి, కొత్త సీసాతో ఒకటి, కాల్చిన దానితో ఒకటి. మీ ల్యాబులో ఫర్నేసు లేకపోతే జియాలజీ వాళ్లనడగండి, రాత్రిపూట ఖాళీగానే ఉంటుంది. రాళ్ల దుమ్ము తుడిచి, ముందు ఒకసారి ఖాళీగా కాల్చుకోండి.