కండాలీ కూర

మావారి ఉద్యోగరీత్యా మేము ఉత్తరాఖండ్‌లోని పౌడీలో ఉన్న రోజులవి. నెలనెలా రక్తస్రావం ఎక్కువై, నాలుగు మెట్లు ఎక్కితే చాలు ఆయాసం వస్తున్నదని చెబితే, అక్కడి వైద్యుడొకరు నాడి కూడా చూడకుండా "ఆడవాళ్ళకు ఇవన్నీ మామూలే, ఇంట్లో ఊరికే కూర్చుంటే ఇలాగే అనిపిస్తుంది" అన్నారు. ఆ మాట నమ్మి నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, మావారు ఊళ్ళో లేనప్పుడు, గుండె చప్పుడు దిండులోంచి వినిపించసాగింది. లేచి కూర్చుంటే కళ్ళు చీకట్లు కమ్మాయి. పడుకుంటే ఊపిరి అందలేదు. నిద్రపోతున్న పాపను లేపడానికి కూడా నోరు పెగలక, గోడమీద అరచేత్తో కొట్టాను. పక్కవాటాలో ఉండే ఇంటావిడ పరుగున వచ్చి, తెల్లవారేదాకా నన్ను తన ఒడికి ఆనించుకుని కూర్చుంది. ఆసుపత్రిలో చూస్తే హిమోగ్లోబిన్ 5.8. రక్తం ఎక్కించారు, తరువాత ఇనుము ఇంజెక్షన్లు, మాత్రలు.

ఇంటికి వచ్చాక అన్నం సయించలేదు. అప్పుడు అమ్మాజీ (ఆ ఇంటావిడను అలాగే పిలిచేదాన్ని) కండాలీ అనే ఆకు తెచ్చింది. తాకితే తేలు కుట్టినట్టు మండుతుందని హిందీలో దానిని బిచ్ఛూ ఘాస్ అంటారు. పూత రాకముందే లేత చివుళ్ళను పట్టకారుతో తుంచి, మరిగే నీళ్ళలో వేస్తే నూగులోని మంట పోతుంది. దానిని మెత్తగా మెదిపి, కాస్త బియ్యప్పిండి కలిపి, వెల్లుల్లి, జఖియా గింజలతో తాలింపు వేసింది. జఖియా అంటే మన కుక్కవామింటే. ఆ ముదురాకుపచ్చ కూరలో నిమ్మకాయ పిండి తింటే, నెలల తరువాత మొదటిసారి ఇంకొంచెం పెట్టమని అడిగాను.

నన్ను బతికించింది కండాలీ అని చెబితే అబద్ధమవుతుంది. ఉడికించిన 100 గ్రాముల ఆకులో సుమారు 480 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, గ్లాసుడు పాలకంటే ఎక్కువే. ఇనుము మాత్రం ఒకటిన్నర మిల్లీగ్రాములకు కొంచెం పైన, నెలసరి వచ్చే వయసు ఆడవాళ్ళకు కావలసినది రోజుకు 29 మిల్లీగ్రాములు. అందుకే మాత్రలు మానకండి, భోజనంతోపాటు టీ తాగకండి. దీనిలో విటమిన్ కె చాలా ఎక్కువ కనుక, రక్తం పలచబడే మందు వాడేవారు వైద్యుణ్ణి అడగాలి. మన చేలగట్ల మీది దురదగొండి వేరే మొక్క, దానిని ఇదనుకుని వండవద్దు.

జూన్‌లో హిమోగ్లోబిన్ 11.4కు వచ్చింది. ఆ కాగితం తీసుకుని నేను మొదట వెళ్ళింది అమ్మాజీ వంటింట్లోకి. ఆమెకు చదవడం రాదు, అంకె మీద వేలు పెట్టి చూపించాను.