వార్మప్‌లో బలం పని కలిపాక నా తొడ కండరం కుదుటపడిన తీరు

తొడ వెనక కండరం ఒకసారి పట్టేసిందంటే, మళ్ళీ పట్టేస్తుందేమో అన్న టెన్షన్ ఆటగాణ్ణి వదలదు. నొప్పి పోయాక కూడా కాలు బారుగా చాచి పరిగెత్తడానికి మనసు ఒప్పుకోదు. శ్రీకాకుళంలో మా ఫుట్‌బాల్ జట్టుకి కుడి వింగ్‌లో, అంటే గ్రౌండ్ కుడి అంచు పక్కన, ఆడే నాకు ఒకే సీజన్‌లో రెండోసారి పట్టేసింది. ఎవరూ తగల్లేదు, కాలు జారలేదు. బంతి వెనక ఫుల్ స్పీడులో వెళ్తుంటే పట్టేసింది, అంతే.

టౌన్‌లో ఫిజియోథెరపిస్టు మేడం నన్ను బోర్లా పడుకోబెట్టి, మడమ దగ్గర చేత్తో అదిమిపట్టి మోకాలు మడవమన్నారు. రెండు కాళ్ళకీ ఉన్న తేడా ఆవిడ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది. "నొప్పి తగ్గింది బాబూ, బలం రాలేదు. ఆటకి ముందు మీరు ఏటి చేస్తారు?" అనడిగారు. గ్రౌండ్ చుట్టూ రౌండ్లు, కాసేపు స్ట్రెచింగ్, ఆ తర్వాత గోల్ మీదకి షాట్లు అని చెప్పాను. ఇక్కడ చాలా జట్లు చేసేది అదే.

ఆవిడ వివరించిన సంగతి నాకు బాగా నాటుకుంది. పరుగులో కాలు ముందుకి విసిరాక, పాదం నేలకి ఆనబోయే ముందు, తొడ వెనక కండరం ఒక పక్క సాగుతూనే ఆ కాలికి బ్రేకు వెయ్యాలి. స్పీడులో పట్టేసేది ఎక్కువగా అక్కడే. అంటే సాగుతూ బరువు ఆపే బలం కావాలి. ఉత్త స్ట్రెచింగ్‌తో అది రాదు.

ముందు కొన్ని వారాలు ఇంట్లోనే వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తే బ్రిడ్జిలు చేయించారు, మొదట రెండు కాళ్ళతో, తర్వాత ఒక్క కాలితో. నొప్పి లేకుండా పరిగెత్తగలిగాక "ఫిఫా 11+" చూడమన్నారు. ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా వైద్య విభాగం 2006లో తయారుచేయించిన వార్మప్ ఇది. మొత్తం 15 వ్యాయామాలు, సుమారు 20 నిమిషాలు. మొదట 8 నిమిషాలు మెల్లని పరుగులు, మధ్యలో 10 నిమిషాలు బలం, గెంతులు, బ్యాలెన్స్, చివర 2 నిమిషాలు వేగం పరుగులు. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ళ అమ్మాయిల జట్లతో దీన్ని పరీక్షించారు. 2008లో వచ్చిన ఆ ఫలితాల్లో గాయాలు మొత్తం మీద మూడో వంతు దాకా, తీవ్రమైనవి దాదాపు సగం తక్కువగా కనిపించాయి. బంతి తప్ప సామాను అక్కర్లేదు. మాలాంటి జట్లకి అది చాలా పెద్ద విషయం.

మధ్య భాగంలో ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ళ మీద ఒళ్ళు నిటారుగా ఆపడం), పక్కకి తిరిగి చేసే సైడ్ ప్లాంక్, ఒంటికాలి మీద నిలబడటం, స్క్వాట్లు, జంపులు ఉంటాయి. నాకు అసలైన పని నార్డిక్ అనే తొడ వెనక కండరం వ్యాయామం దగ్గర పడింది. మోకాళ్ళ మీద నిలబడాలి, వెనక ఒకరు చీలమండలు గట్టిగా పట్టుకోవాలి. తల నుంచి మోకాళ్ళ దాకా ఒంటిని నిటారుగా ఉంచి, నడుము దగ్గర వంగకుండా, వీలైనంత మెల్లగా ముందుకి వాలాలి. ఇక ఆపలేం అన్నప్పుడు చేతులు ఆన్చాలి. కొత్తవాళ్ళకి 3 నుంచి 5 సార్లు చాలు. మా గ్రౌండ్ మట్టి గట్టిది కాబట్టి మోకాళ్ళ కింద గోనె సంచి మడిచి వేసుకున్నాం. మొదట్లో కొంచెం వాలగానే ఢామ్మని పడిపోయేవాణ్ణి. మర్నాడు మెట్లు దిగుతుంటే తొడలు సలిపేవి. మొదటి వారాల్లో అది మామూలేనని, పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం ఆపేయమని మేడం ముందే చెప్పి ఉంచారు.

జట్టు మొత్తాన్ని ఒప్పించడానికే ఎక్కువ రోజులు పట్టింది. "ఇవన్నీ చేస్తే కాళ్ళు బరువెక్కిపోతాయి రా, స్పీడు తగ్గిపోద్ది" అన్నాడు మా సీనియర్ అన్న ఒకాయన. ఊసవానిపేటలో బరువులెత్తడం నేర్చుకుని, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి జిల్లా మనది. ఆ జిల్లాలో బలానికి భయపడటమేమిటని నాకు నిజంగా బాధేసింది. వాదన పెట్టుకోలేదు. "అన్నా, నా చీలమండలు పట్టుకో చాలు" అన్నాను. పట్టుకున్నవాడు తర్వాత తనూ కూర్చుని ప్రయత్నించాడు.

స్క్వాట్లప్పుడూ, గెంతి దిగేటప్పుడూ మోకాళ్ళు లోపలికి వాలిపోతున్నాయేమో ఒకరినొకరం చూసుకుంటాం. మోకాలు పాదం వేళ్ళ దిశలోనే ఉండాలి. మోకాలి లిగమెంటుకి ప్రమాదం తప్పేది అక్కడే కాబట్టి, కొత్త పిల్లల్ని ఈ విషయంలో నేను వదిలిపెట్టను.

వారానికి కనీసం రెండుసార్లు, ప్రాక్టీసు రోజుల్లోనే ఇదంతా. మ్యాచ్ రోజున మధ్య భాగం వదిలేసి పరుగుల భాగాలే చేస్తాం, కార్యక్రమంలో ఉన్నదీ అలాగే. ఇప్పుడు నేను సగానికి పైగా వాలి కూడా ఆపుకోగలుగుతున్నాను. వింగ్‌లో బంతి ముందుకి పడితే కాలు చాచడానికి ఆలోచించడం లేదు. గజ్జల్లో నొప్పి అంటున్న మా మిడ్‌ఫీల్డర్ తమ్ముడి కోసం కోపెన్‌హాగన్ అనే వ్యాయామం కూడా మొదలుపెట్టాం. పక్కకి పడుకుని, పై కాలు జోడీ చేతుల్లో పెట్టి, ఒళ్ళు పైకి లేపి దించాలి. వాడికి ఇంకా మోకాలి దగ్గర పట్టుకునే చేయిస్తున్నాం, చీలమండ దగ్గర పట్టుకుంటే బరువెక్కువ పడుతుంది.