జేజి పెరట్లో అడవినాభి

మా పాపకు తొమ్మిదేళ్లు. పుట్టి పెరుగుతున్నది ఒహాయోలో. నిరుడు జూన్‌లో సెలవులకు కడపకు వచ్చినప్పుడు, మా అమ్మ, అంటే పాప జేజి, పాత గోనెసంచి మీద పెట్టిన ఒక దుంపను ముట్టనివ్వకుండా దూరం నుంచే పాపకు చూపించింది. నాగలిలా రెండు కొమ్ములుగా చీలిన ఆ దుంప అడవినాభిది. సంస్కృతంలో లాంగలి అన్న పేరు ఆ నాగలి పోలికతోనే వచ్చింది. పువ్వును చూసినవారు అగ్నిశిఖ అన్నారు. లంకమల కొండల దిగువన మా చేని గట్టును చదును చేస్తుంటే కంప మొదట్లో బయటపడిందట. పారేయడానికి మనసొప్పక అమ్మ ఇంటికి తెచ్చింది.

ఈ మొక్కకు దుంప మొదలు గింజ దాకా అంతా విషమే. ఇందులోని కాల్చిసిన్‌ను గౌట్ అనే కీళ్లనొప్పికి వైద్యులు కొలత ప్రకారం ఇస్తారు గానీ, దుంపను నమిలితే ప్రాణాల మీదికి వస్తుంది. పిల్ల తిరిగే పెరట్లో ఇదెందుకని నేను భయపడితే, "నువ్వు దీని పక్కనే గొర్రెలు కాసినావు గదరా, ఎప్పుడన్నా నోట్లో పెట్టుకుంటివా?" అని అమ్మ అడిగింది.

చేతితొడుగులు వేసుకొని, నీరు నిలవకుండా ఎర్రమట్టిలో ఇసుక కలిపి, గోడవారన నాలుగు వేళ్ల లోతున దుంపను అడ్డంగా పడుకోబెట్టాను. మొలక కొమ్ము కొసనుంచే వస్తుంది కాబట్టి ఆ కొస విరగకుండా చూసుకోవడమే అన్నిటికన్నా ముఖ్యం. పాపకు పలక రాసే పని అప్పగించాం. "ముటొద్దు" అని రాసింది, ట వత్తు మరిచిపోయింది. జేజి దిద్దలేదు.

వాన పడ్డాక మొలక లేచింది. ప్రతి ఆకు కొస సన్నని తీగలా సాగి, పక్కన పాతిన కందికట్టెకు తగలగానే మెలి తిరిగి పట్టుకోవడం పాప రోజూ పొద్దున్నే చూసేది. వాళ్ల బడివాళ్లు ఏప్రిల్‌లో అడవికి తీసుకెళ్లి చూపించే ట్రిల్లియం అనే అడవిపువ్వు అక్కడి చెట్లు పూర్తిగా ఆకు తొడిగేలోపే పూస్తుందనీ, ఎండాకాలం ముగిసేసరికి మట్టిలోకి వెళ్లిపోతుందనీ జేజికి వివరించింది. "ఇదీ అంతే, కాకపోతే ఎండలకు పడుకొని వానకు లేస్తుంది" అంది జేజి. అడవి పూలకు రెండు దేశాల్లోనూ నిద్రాకాలం ఉంటుందన్న మాట నేను పాపకు చెప్పవలసిన అవసరమే రాలేదు.

ఒక దుంపను వెంట తీసుకెళ్లాలని నాకు ఆశ పుట్టింది. ధ్రువపత్రం లేకుండా మొక్కలను దేశం దాటించకూడదు, అది తెలిసే అడిగాను. "ట్రిల్లియంను అడవిలోంచి తవ్వకూడదని మా టీచర్ చెప్పారు నాన్నా, మరి దీన్నెందుకు?" అంది పాప. ఏటా ఊరగాయలూ పట్టుపావడాలూ పెట్టెలో సర్దుకొని కడపను ఒహాయోకు మోసుకుపోవడమే నేను నేర్చుకున్న పద్ధతి. తనదంటూ ఒకదాన్ని పాప కడపలో వదిలి రావడం అదే మొదటిసారి.

మొగ్గ రాకముందే బడి తెరిచే రోజులు వచ్చి బయలుదేరాం. సెప్టెంబరులో ఒక రాత్రి తొమ్మిదింటికి, అంటే కడపలో తెల్లవారి ఆరున్నరకు, అమ్మ వీడియో కాల్ చేసింది. ఆరు రేకలూ అంచులు ముడతలు పడి, వెనక్కి మడిచి పైకి లేచి ఉన్నాయి. కింద పసుపు, కొసల్లో ఎరుపు. నాలుగు రోజుల్లో మొత్తం ఎర్రబారుతుందని అమ్మ చెబుతుండగా, పాప తన పలకను చూపించమంది. వానకు చెరిగిన అక్షరాలను జేజి సున్నంతో మళ్లీ దిద్దింది. వత్తు మాత్రం పెట్టలేదు.